ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌కూ మిగతా లీగులకూ డబ్బులో ఇంత తేడా వచ్చాక, చిన్న క్లబ్బులకు మిగిలేదేంటి?

"చిన్న లీగుల క్లబ్బులు ఎప్పటికైనా పెద్దవాటిని అందుకోగలవా, లేకపోతే వాటిని పట్టుకుని ఉండటంలో అర్థమేంటి" అని అడిగారు. అందుకోలేవు. టీవీ డబ్బు ఇప్పుడు పంచుకుంటున్న తీరు మారనంత కాలం అందుకోలేవు. కానీ మిగిలేదేమీ లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. నేను పదమూడేళ్లుగా స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్ అభిమానిని. నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రం పూట ఇరవై మంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. ఈ తేడాను టీవీలోనూ చూస్తున్నాను, గ్రౌండ్‌లోనూ చూస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 2023-24లో షెఫీల్డ్ యునైటెడ్ ప్రీమియర్ లీగ్‌లో ఆఖరున నిలిచింది. 38 మ్యాచ్‌ల్లో 16 పాయింట్లు తెచ్చుకుని 104 గోల్స్ సమర్పించుకుంది. అయినా లీగ్ నుంచి దాని వాటాగా వచ్చింది దాదాపు 11 కోట్ల పౌండ్లు. స్కాట్లాండ్ లీగ్‌లోని క్లబ్బులన్నిటికీ కలిపి వాళ్ల దేశంలో టీవీ హక్కుల మీద ఏడాదికి వచ్చేది 3 కోట్ల పౌండ్ల చుట్టూ ఉంటుంది.

మా మేనమామ పొలం హుజూర్‌నగర్ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద, ఆయకట్టు చివర్లో ఉంది. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్తే, నీళ్లు వదిలారని తెలియగానే మామ టార్చ్ లైట్ తీసుకుని రాత్రంతా తూము దగ్గర కాపలా ఉండేవాడు. పైవాళ్లు రెండో తడి పెట్టుకుంటున్నా మామ వాళ్ల నారుమడికి నీళ్లు అందేవి కావు. పైవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల పొలాలు అక్కడున్నాయి, అంతే. ప్రీమియర్ లీగ్ గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ఆ తూమే గుర్తొస్తుంది. లోపల పంపకం నిజానికి బాగానే ఉంటుంది. ఇంగ్లండ్‌లో వచ్చే టీవీ డబ్బులో సగం 20 క్లబ్బులకూ సమానంగా పంచుతారు. వేరే దేశాల లీగులకు మాత్రం అందులోంచి వాటా లేదు. వాళ్లు తమ ఆటగాణ్ని అమ్ముకుంటేనే ఇంగ్లండ్ డబ్బు కళ్ల చూస్తారు.

అమ్ముకున్నా ఎంత వస్తుందో చూడండి. వర్జిల్ వాన్ డైక్ 2013లో నెదర్లాండ్స్ క్లబ్ గ్రోనింగెన్ నుంచి సెల్టిక్‌కు సుమారు 26 లక్షల పౌండ్లకు వచ్చాడు. 2015లో ఇంగ్లండ్ క్లబ్ సౌతాంప్టన్ అతన్ని 1.3 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2018 జనవరిలో లివర్‌పూల్ 7.5 కోట్ల పౌండ్లు పెట్టింది. ఆ మధ్యలో ఆట మెరుగుపడలేదని నేననను. కానీ సెల్టిక్‌లో ఉన్నప్పుడే అతను ఎంతటి డిఫెండరో వారం వారం చూసినవాళ్లకు తెలుసు. నా దృష్టిలో ఆ ధరలో పెద్ద భాగం అతను నిలబడ్డ లీగ్‌కు కట్టిన ధరే.

అసలు నల్గొండ వాడికి సెల్టిక్ ఏంటని చాలామంది అడుగుతారు. 1936లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం గ్లాస్గో వెళ్లి, సెల్టిక్ రిజర్వ్ జట్టు తరఫున బూట్లు లేకుండా, కాళ్లకు బ్యాండేజీ చుట్టుకుని ఆడాడు. కాలేజీలో ఉండగా ఆ సంగతి చదివాను. అప్పటికి నాకూ బూట్లు లేవు. ఆ తర్వాత 1967 గురించి తెలిసింది. లిస్బన్‌లో ఇంటర్ మిలన్‌ను ఓడించి యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్, యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ) గెలిచిన ఆ సెల్టిక్ జట్టులో అందరూ గ్లాస్గోకు 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లే. మన నల్గొండ క్లాక్ టవర్ చుట్టూ అంత దూరం గీత గీస్తే మిర్యాలగూడ, నకిరేకల్, సూర్యాపేట అందులో పడతాయి. ఆ ఊళ్ల పిల్లలతోనే ఒక జట్టు కట్టి యూరప్ గెలిచినట్టు ఊహించుకోండి. ఇప్పటి డబ్బుతో అది జరగదు, అదే నా బాధ.

ఇంకో మాట కూడా చెప్పాలి. స్కాట్లాండ్ కాలువలో మొదటి పొలం సెల్టిక్‌దే. 2012 నుంచి 2025 వరకు 14 టైటిళ్లలో 13 మాదే. 1985లో అబర్డీన్ గెలిచాక 2025 దాకా సెల్టిక్, రేంజర్స్ తప్ప ఇంకెవరూ ఆ లీగ్ గెలవలేదు. ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లిన క్లబ్బుకు అక్కడి డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో సొంత లీగ్‌లో మిగతావాళ్లకు అందనంత ఎత్తుకు పోతుంది. ఇంగ్లండ్ గురించి మాట్లాడే మేము దీని గురించి కూడా మాట్లాడాలి.

మన దగ్గర సంగతి ఇంకా కష్టం. 2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, హైదరాబాద్‌కూ కేరళ బ్లాస్టర్స్‌కూ. మా డాబా మీద టీవీ పెట్టి పిల్లలందరినీ పిలిచాను. షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మూడోది ఆపగానే పిల్లల అరుపులకు పక్కింటి పెద్దమ్మ ఏమైందోనని మెట్లెక్కి వచ్చింది. మూడేళ్లకు, 2025లో, ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మా దగ్గర ఒకడు ఇప్పటికీ ఆ పసుపు జెర్సీ వేసుకునే వస్తాడు. ఛాతీ మీద గుర్తు సగం ఊడిపోయింది, వాళ్లమ్మ అంచులు దారంతో కుట్టి ఇచ్చింది. ఇదే దేశంలో 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలు పలికాయి.

ఇక చిన్న క్లబ్బు చేతిలో ఏముంది అన్నదానికి వస్తాను. మూడేళ్ల కిందట మా పిల్లాడొకడు హైదరాబాద్‌లో ఒక అకాడమీకి సెలెక్ట్ అయ్యాడు. పదేళ్లప్పటి నుంచి మా దగ్గరే ఆడాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. "ఆడ తిండి, చదువు వాళ్లే చూస్కుంటరంట సారూ, పంపనా?" అని అడిగితే, పంపమని నేనే చెప్పాను. వారం తర్వాత పిల్లాడు ఫోన్ చేశాడు. "సార్, ఫారంల ఇంతకుముందు ఆడిన క్లబ్ అని ఉంది, ఏం రాయాలె?" నాకు నోట మాట రాలేదు. మాకు పేరుంది, బంతులున్నాయి, ప్రతి శనివారం సున్నంతో గీతలు వేసుకునే గ్రౌండ్ ఉంది, క్లబ్బుగా గుర్తింపు కాగితం మాత్రం లేదు.

ఆ కాగితం ఎందుకంటే, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫాలో సాలిడారిటీ అనే పద్ధతి ఉంది. ఆటగాడు దేశం దాటి డబ్బుకు బదిలీ అయినప్పుడు ఆ మొత్తంలో 5 శాతాన్ని, 12 నుంచి 23 ఏళ్ల వయసులో అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం. ఆ నాలుగేళ్లూ ఒకే క్లబ్బులో ఉంటే ఒక శాతం. కోటి యూరోల బదిలీ అయితే లక్ష యూరోలు, మన డబ్బులో కోటి రూపాయల దాకా. ఈ డబ్బు సరిగా చేరాలని 2022లో ఫిఫా క్లియరింగ్ హౌస్ కూడా మొదలైంది. అయితే పిల్లాడు ఏ వయసులో ఏ క్లబ్బులో రిజిస్టర్ అయ్యాడో రికార్డు ఉండాలి. మన దేశంలో అది జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్ వాళ్ల ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో నమోదవుతుంది. నల్గొండ పిల్లాడికి రేపే కోట్లు పలుకుతాయని నేను చెప్పట్లేదు. కానీ పై నుంచి కిందికి నీళ్లు వదిలే తూము నాకు తెలిసి ఇదొక్కటే, దాన్ని మనమే మూసేసుకుని కూర్చున్నాం. 5 శాతం చాలా తక్కువ, పెంచమని అభిమానులుగా మనం గట్టిగా అడగాలి. అడిగేలోపు ఉన్నదాన్నైనా వదులుకోకూడదు.

మా క్లబ్బుకు పోయిన ఏడాది ఆ గుర్తింపు (అఫిలియేషన్) వచ్చింది. ఇరవై మందిలో పదిహేడు మంది నమోదు పూర్తయింది. మిగిలిన ముగ్గురికి బర్త్ సర్టిఫికెట్లు లేవు, సోమవారం వాళ్ల అమ్మానాన్నల్ని తీసుకుని మీసేవకు వెళ్తున్నాను.