స్టేట్ ఒప్పుకుంది సరే, వీసా ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నారా?

ఈ మధ్య కొత్తగా వచ్చిన పిల్లలు ఒకే సందేహాన్ని రకరకాలుగా అడుగుతున్నారు. "న్యూజెర్సీలో గంజాయి లీగలే కదా అంకుల్, పార్టీలో ఒక గంజాయి గమ్మీ (మిఠాయి బిళ్ల) తింటే వీసాకి ఏమవుతుంది?" అని ఒకరు. "షాప్‌లిఫ్టింగ్ కేసు కోర్టులో కొట్టేశారు, ఇక ఎక్కడా చెప్పనక్కర్లేదు కదా?" అని ఇంకొకరు. "డీయూఐ, అంటే తాగి బండి నడపడం, ఇక్కడ ట్రాఫిక్ తప్పేనంట, క్రైమ్ కాదంట, మరి వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లొచ్చా?" అని మరొకరు. ఈ మూడూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, మూడింటి వేరూ ఒకటే. అమెరికా రాజ్యాంగం చట్టాలు చేసే అధికారాన్ని ఫెడరల్ ప్రభుత్వానికీ స్టేట్లకీ ఎలా పంచిందో తెలియకపోవడం వల్లే మన పిల్లలు ఇరుక్కుంటున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బళ్లో మనమంతా ఏడవ షెడ్యూలు చదువుకున్నవాళ్లమే. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ఏ జాబితాలోనూ లేని అంశం ఏదైనా వస్తే 248వ అధికరణం ప్రకారం అది పార్లమెంటుకే. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి మొన్నటిదాకా ఐపీసీ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత. దొంగతనం వరంగల్‌లో చేసినా విశాఖలో చేసినా అదే సెక్షన్, అదే శిక్ష. చట్టమంటే దేశమంతటికీ ఒకటే అనే నమ్మకం మనలో అలా బలపడిపోయింది.

ఇక్కడి లెక్క దానికి తలకిందులు. 1787లో రాజ్యాంగం రాసుకునే నాటికే స్టేట్లు వేటికవి నిలబడి ఉన్నాయి. కొన్ని అధికారాలు మాత్రం అవి ఫెడరల్ ప్రభుత్వానికి అప్పగించాయి. మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్‌లో ఆ జాబితా ఉంటుంది: సైన్యం, నాణేలు, పోస్టాఫీసు, విదేశాలతోనూ స్టేట్ల మధ్యా జరిగే వ్యాపారం, పౌరసత్వం ఇచ్చే నియమాలు వగైరా. 1791లో వచ్చిన పదో సవరణ ఇంకో మాట తేల్చింది: ఫెడరల్‌కు ఇవ్వనివీ, స్టేట్లకు నిషేధించనివీ అన్నీ స్టేట్లవి, లేదా ప్రజలవి. హత్య, దొంగతనం, పెళ్లి, విడాకులు, ఇంటి అద్దె, డ్రైవింగ్ లైసెన్సు, ఇలా రోజూ మనకు తగిలేవన్నీ చాలావరకు స్టేట్ చట్టాలే. అంటే ఇక్కడ శిక్షాస్మృతులే యాభైకి పైగా ఉన్నాయన్నమాట.

స్టేట్ల పట్టు ఎంతటిదో మనవాళ్లకు తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. అమెరికాలో అయితే ఒక స్టేట్‌ను విడదీయాలంటే ఆ స్టేట్ శాసనసభ ఒప్పుకుని తీరాలి. రాజ్యాంగం నాలుగో అధికరణంలోనే ఆ షరతు ఉంది.

మరి ఇంత బలమున్న స్టేట్ ఒక పని తప్పు కాదంటే, మనకెందుకు భయం? ఎందుకంటే మీ వీసా స్టేట్ ఇచ్చింది కాదు. వలసలు, పౌరసత్వం పూర్తిగా ఫెడరల్ చేతిలో ఉన్నాయి. అరిజోనా తన సొంత వలస చట్టం తెచ్చుకుంటే, 2012లో సుప్రీంకోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది. రెండు చట్టాలూ ఢీకొంటే ఫెడరల్‌దే పైచేయి అని ఆరో అధికరణం చెబుతుంది. పౌరులకు వలస విషయాల్లో ఈ ఫెడరల్ ప్రభుత్వంతో నిత్యం పని పడదు. మనకు మాత్రం ప్రతి ఎంట్రీలో, ప్రతి ఎక్స్‌టెన్షన్‌లో, ప్రతి ఫారంలో పడుతుంది.

ఇక గంజాయి సంగతి. న్యూజెర్సీ ఓటర్లు 2020 నవంబరులో ఒప్పుకున్నారు, 2022 ఏప్రిల్ నుంచి షాపుల్లో అమ్ముతున్నారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీవాడు ఐడీ చూసి, 21 నిండితేనే లోపలికి పంపుతాడు. రసీదు ఇస్తారు, ట్యాక్స్ కడతారు, అంతా మెడికల్ షాపంత పద్ధతిగా ఉంటుంది. కానీ కౌంటర్ దగ్గర ఒక్కటి గమనించండి: చాలాచోట్ల క్రెడిట్ కార్డు తీసుకోరు. కార్డు కంపెనీలూ పెద్ద బ్యాంకులూ ఫెడరల్ చట్టానికి భయపడి ఆ డబ్బు ముట్టుకోవు. 1970 నాటి ఫెడరల్ డ్రగ్స్ చట్టం కింద గంజాయి కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్, అంటే ప్రభుత్వ నియంత్రణలో ఉన్న మత్తుపదార్థం. దాని షెడ్యూలు మార్చి కింది మెట్టుకు దించినా ఆ పేరు పోదు, వలస చట్టం చూసేది ఆ పేరునే. న్యూజెర్సీలో కొని హడ్సన్ నది దాటి న్యూయార్క్‌కు పట్టుకెళ్తే, రెండు చోట్లా స్టేట్ చట్టం ఒప్పుకున్నా, స్టేట్ సరిహద్దు దాటించడం ఫెడరల్ నేరమే. విమానాశ్రయం సెక్యూరిటీ, నేషనల్ పార్కు, రెండూ ఫెడరల్ చట్టం నడిచే చోట్లే.

"ఆ డ్రగ్స్ చట్టం నిలబడ్డది స్టేట్ల మధ్య వ్యాపారం మీద ఫెడరల్‌కున్న అధికారంతోనే కదా, మరి ఇంట్లో కూర్చుని తింటే ఆ వ్యాపారం ఎక్కడిది?" అని లా చదివే కుర్రాడు ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఒహాయోలో ఒక రైతు దగ్గర మొదలవుతుంది. రాస్కో ఫిల్బర్న్ అనే ఆయనకు 1941 పంటకు 11.1 ఎకరాల్లో గోధుమ వేసుకోవచ్చని ఫెడరల్ ప్రభుత్వం కోటా ఇచ్చింది. ఆయన 23 ఎకరాల్లో వేశాడు. అదనంగా పండిన 239 బుషెళ్లకు (బుషెల్ అంటే ఇక్కడి ధాన్యం కొలత) 117 డాలర్ల 11 సెంట్ల జరిమానా వేశారు. నేను పండించింది నా పశువులకూ నా ఇంటి పిండికీ, ఎవరికీ అమ్మలేదు కదా అన్నాడాయన. సుప్రీంకోర్టు 1942లో ఏమందంటే, నువ్వు ఇంట్లో పండించుకుంటే బజారులో కొనడం మానేస్తావు, అలా అందరూ చేస్తే దేశమంతా గోధుమ ధర మారిపోతుంది, కాబట్టి కాంగ్రెస్‌కు, అంటే ఇక్కడి పార్లమెంటుకు, అధికారం ఉంది అంది. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనకు ఆ రైతు బాధ తెలుస్తుంది. నాకైతే ఆ తీర్పు స్టేట్ల చేతిలోంచి చాలా ఎక్కువే లాగేసుకుందనిపిస్తుంది. కానీ అది ఇప్పటికీ చెల్లుతోంది.

అదే తీర్పు గంజాయి మీదకూ వచ్చింది. కాలిఫోర్నియా 1996లోనే వైద్యం కోసం గంజాయి వాడుకోవచ్చంది. 2002లో డయాన్ మాన్సన్ అనే ఆవిడ ఇంటికి కౌంటీ పోలీసులూ ఫెడరల్ ఏజెంట్లూ కలిసి వచ్చారు. కౌంటీవాళ్లు చూసి, స్టేట్ చట్టం ప్రకారం తప్పేమీ లేదన్నారు. మూడు గంటల వాదన తర్వాత ఫెడరల్ ఏజెంట్లు ఆమె పెంచుకున్న ఆరు మొక్కలూ పీకేశారు. ఒకే గుమ్మంలో నిలబడి ఒక ప్రభుత్వం ఒప్పన్నది, ఇంకో ప్రభుత్వం తప్పంది. ఏంజెల్ రైచ్ అనే రోగితో కలిసి ఆమె వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005లో ఫిల్బర్న్ తీర్పునే ఆధారం చేసుకుని 6-3తో ఫెడరల్ ప్రభుత్వం గెలిచింది.

అలాంటప్పుడు షాపులు ఎలా తెరిచి ఉన్నాయంటారా? ఫెడరల్ ప్రభుత్వం తన చట్టం తాను అమలు చేసుకోవచ్చు గానీ, స్టేట్ పోలీసుల చేత చేయించలేదు, ఫలానా చట్టం చెయ్యమనో ఉంచమనో స్టేట్‌ను ఆదేశించలేదు. 2018లో స్పోర్ట్స్ బెట్టింగ్ కేసులో మా న్యూజెర్సీయే గెలిచి ఈ సూత్రాన్ని మరింత గట్టి చేసుకుంది. కాబట్టి షాపు తెరిచి ఉందంటే స్టేట్ పట్టుకోదని మాత్రమే అర్థం. పౌరసత్వం ఇచ్చే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది: స్టేట్ చట్టం ఒప్పుకున్నా సరే, గంజాయి వాడకమూ, ఆ షాపుల్లో ఉద్యోగమూ పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన లేదనడానికి కారణం కావచ్చు అని. కేసు అక్కర్లేదు, అధికారి ముందు మీరే ఒప్పుకున్నా చాలు. ఆ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే ప్రాజెక్టులు కూడా మన కన్సల్టెన్సీల ద్వారా వస్తుంటాయి, చేరేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఇప్పటికే తిన్నవాళ్లు ఫారంలో అబద్ధం మాత్రం రాయకండి. అబద్ధం విడిగా ఇంకో నేరం అవుతుంది. ముందు లాయర్ దగ్గరికి వెళ్లండి.

తాగి నడపడం విషయంలోనూ ఇంతే. న్యూజెర్సీలో మొదటిసారి డీయూఐ ట్రాఫిక్ నేరమే, క్రిమినల్ రికార్డు ఉండదు. అది స్టేట్ మాట. వీసా ఇచ్చే విదేశాంగ శాఖ 2015 నుంచీ డీయూఐ అరెస్టు కనిపిస్తేనే వీసా రద్దు చేస్తోంది. తీర్పు దాకా ఆగదు, అరెస్టు చాలు. ఒకరోజు కాన్సులేట్ నుంచి మెయిల్ వస్తుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు పోయినంత మాత్రాన మీ స్టేటస్, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఆ క్షణమే పోదు. కానీ దేశం దాటితే మళ్లీ హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా తెచ్చుకుంటేగాని తిరిగి రాలేరు, దానికి ముందు వాళ్లు చెప్పిన డాక్టరు పరీక్ష కూడా ఉంటుంది. చెల్లి పెళ్లికని టికెట్ కొనుక్కున్న తర్వాత ఇది తెలుసుకున్న కుటుంబాల బాధ నేను చూశాను.

షాప్‌లిఫ్టింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బ తింటున్నది ఇక్కడే. సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుంటారు, కెమెరాలో పడతారు. స్టేట్ కోర్టులో వకీలు ఏమంటాడంటే, "తప్పు ఒప్పుకో, కమ్యూనిటీ సర్వీస్ చెయ్యి, ఏడాది తర్వాత కేసు కొట్టేస్తారు, రికార్డు శుభ్రం." ఇక్కడే పుట్టిన పిల్లాడికి అది మంచి సలహా. మనకు కాదు. 1996 ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక రకమైన శిక్ష వేస్తే చాలు, స్టేట్ తర్వాత కొట్టేసినా వలస చట్టం దృష్టిలో అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. తప్పు ఒప్పుకోకుండానే చేర్చుకునే డైవర్షన్ ప్రోగ్రాములు (శిక్ష బదులు షరతులు పూర్తిచేస్తే కేసు ఎత్తేసేవి) వేరు, వాటితో బయటపడే అవకాశం ఎక్కువ. అందుకే మీ ప్రోగ్రాములో ఒప్పుకోలు అడుగుతున్నారా లేదా అన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి.

ఇంకో మెలిక చూడండి. దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్లలోపు దొంగతనం లాంటి నేరం ఒకటి చేసి, దానికి ఏడాది లేదా అంతకుమించి శిక్ష పడే వీలుంటే దేశం నుంచి పంపేయవచ్చని ఫెడరల్ చట్టం. ఎంత పడిందన్నది కాదు, ఎంత పడే వీలుందన్నదే లెక్క. ఆ గరిష్ఠ శిక్ష రాసేది మాత్రం స్టేట్. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్‌కు ఆరు నెలలే గరిష్ఠం. న్యూయార్క్‌లో చిన్న దొంగతనానికీ ఏడాది ఉండేది. 2019లో ఆ స్టేట్ దాన్ని 364 రోజులకు తగ్గించింది. ఆ ఒక్క రోజు తగ్గించింది మనలాంటి వలసవచ్చినవాళ్ల కోసమే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ అంతకుముందే ఆ పని చేశాయి. వలస చట్టాన్ని ముట్టుకునే హక్కు లేని స్టేట్లు, తమకున్న హక్కుతోనే ఎంత మేలు చేయగలవో చేశాయి. అది చదివిన రోజు నాకు ఈ దేశం మీద గౌరవం పెరిగింది.

మీ క్రిమినల్ లాయర్‌కు వలస చట్టం తెలిసి ఉంటుందని అనుకోకండి. హోజే పడిల్లా అనే ఆయన వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు, నలభై ఏళ్లు గ్రీన్‌కార్డు మీద ఇక్కడే బతికాడు. ఇన్నేళ్లు ఉన్నావు కదా, భయం లేదు అన్న లాయరు మాట నమ్మి తప్పు ఒప్పుకున్నాడు. డిపోర్టేషన్ వచ్చి పడింది. 2010లో సుప్రీంకోర్టు, డిపోర్టేషన్ ప్రమాదం గురించి చెప్పడం లాయరు బాధ్యతేనని తీర్పిచ్చింది. కాబట్టి "నేను పౌరుణ్ని కాదు, ఈ ఒప్పందం నా వీసాకి ఏం చేస్తుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి రాతలో చెప్పండి" అని అడగడం మీ హక్కు. వాయిదా అడిగితే జడ్జిలు మామూలుగా ఇస్తారు.

మిగతా సందేహాలు క్లుప్తంగా. జీతం మీద టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ స్టేట్లలో స్టేట్ ఆదాయపన్ను లేదు, ఫెడరల్ పన్ను ఎక్కడైనా తప్పదు. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం కింద విద్యార్థులకు వచ్చే మినహాయింపు ఫెడరల్ రిటర్నుకే, కాలిఫోర్నియా లాంటి స్టేట్లు దాన్ని లెక్కలోకి తీసుకోవు. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే నాన్‌కంపీట్ షరతు కాలిఫోర్నియాలో చెల్లదు, చాలా స్టేట్లలో చెల్లుతుంది. డ్రైవింగ్ లైసెన్సు స్టేట్‌దే అయినా, గడువు మాత్రం చాలాచోట్ల మీ ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఫెడరల్ ప్రవేశ రికార్డు) తేదీతోనే ముగుస్తుంది.

కేసు కొట్టేసినవాళ్లకు ఇంకో మాట. రికార్డు చెరిపించే దరఖాస్తు పెట్టేముందే కోర్టు క్లర్క్ దగ్గరికి వెళ్లి, అరెస్టు కాగితాలకూ తుది తీర్పుకూ సీలు వేసిన సర్టిఫైడ్ కాపీలు రెండేసి తీసుకుని దాచుకోండి. స్టేట్ చెరిపేశాక ఆ కాగితాలు దొరకడం కష్టం, కాన్సులేటూ యూఎస్‌సీఐఎస్సూ మాత్రం అవే అడుగుతాయి.