పిల్లలకు నచ్చినంత మాత్రాన మేలు జరిగినట్టేనా?

ప్రశ్న: మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. రెండు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒత్తిడి, కోపం, స్నేహాల గురించి ఏడాది పాటు తరగతులు నిర్వహించాము. చివరి రోజున ఇచ్చిన అభిప్రాయ పత్రాలలో దాదాపు అందరూ “చాలా ఉపయోగపడింది” అని రాశారు. నిధులిచ్చిన సంస్థ వారు ఇది ఫలితం కాదంటున్నారు. పిల్లల మాటకు విలువ లేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా ఉంది. తరగతులు విసుగు పుట్టించలేదనీ, తమ మాట వినే పెద్దలు దొరికారనీ ఆ పత్రాలు చెబుతున్నాయి. కానీ పిల్లలలో కుంగుబాటు తగ్గిందా, తోటివారి వేధింపులు తగ్గాయా అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి ఆ పత్రాలలో జవాబు దొరకదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాలలో 1939లో మొదలైన అధ్యయనాన్ని ఈ పనిలో ఉన్నవారందరూ తెలుసుకోవాలి. 506 మంది మగపిల్లలను ఎంచుకుని, వయసులోనూ కుటుంబ పరిస్థితులలోనూ పోలికలున్న ఇద్దరిద్దరిని జతచేసి, జతలో ఎవరికి సాయం అందించాలో బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించారు. సాయానికి ఎంపికైన పిల్లల ఇళ్లకు కార్యకర్తలు ఏళ్ల తరబడి వెళ్లారు, చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. దాదాపు ముప్పై ఏళ్ల తరువాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వారి ఆచూకీ తీసి అడిగినప్పుడు, జవాబిచ్చిన వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. అయితే ఆమె 1978లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మద్యానికి బానిస కావడం, తీవ్రమైన మానసిక అనారోగ్యం, చిన్న వయసులో మరణించడం వంటివి సాయం అందినవారిలోనే ఎక్కువగా కనిపించాయి. జతలోని రెండో పిల్లవాడి జీవితంతో పోల్చి చూసే వీలు లేకపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అందుకే మీకు నిధులిచ్చిన వారు అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే.

తరగతులకు ముందూ తరువాతా కొలిచినా సరిపోదు. జూన్‌లో కొలిచి, మళ్లీ పరీక్షల ముందు మార్చిలో కొలిస్తే ఆందోళన పెరిగినట్టు కనిపించవచ్చు. మీ తరగతులు ఆ పెరుగుదలను కొంత ఆపినా, మీ లెక్కలో అది వైఫల్యంగానే నమోదవుతుంది. తరగతులు జరగని బడులలో కూడా అదే ప్రశ్నావళితో, అదే సమయంలో కొలిచినప్పుడే తేడా తెలుస్తుంది.

మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బీహార్‌లోని నలందా జిల్లాలో కౌమార వయసు పిల్లల ఆరోగ్యం కోసం రూపొందించిన ‘సెహెర్’ అనే కార్యక్రమాన్ని 74 ప్రభుత్వ పాఠశాలలలో పరీక్షించి, ఫలితాలను 2018లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. బడులను లాటరీ పద్ధతిలో మూడు వర్గాలుగా విభజించి, ఒక వర్గంలో శిక్షణ పొందిన కౌన్సెలర్లతో, మరో వర్గంలో అదే బడి ఉపాధ్యాయులతో ఆ కార్యక్రమాన్ని నడిపించారు. మూడో వర్గంలో అప్పటికే ఉన్న కౌమార విద్య పాఠాలు మాత్రమే సాగాయి. ఆ కౌన్సెలర్లు మానసిక వైద్య నిపుణులు కారు. అయినా వారు పనిచేసిన బడులలో వాతావరణం బాగా మెరుగుపడింది, కుంగుబాటు, వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడులకూ, అసలు సెహెర్ లేని బడులకూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీనిని ఉపాధ్యాయుల మీద నిందగా తీసుకోకూడదు. సిలబస్, పరీక్షలు, ఇతర విధుల మధ్య వారికి మిగిలే సమయం ఎంతో మనకు తెలుసు, మార్కులు వేసే మనిషితో మనసు విప్పడానికి పిల్లలు జంకడమూ సహజమే. కాబట్టి మీ నివేదికలో తరగతులను ఎవరు నడిపారో, ఎన్ని జరిగాయో, ఎవరు మధ్యలో మానేశారో తప్పక రాయండి.

ప్రశ్న: పోలిక కోసం కొన్ని బడులను వదిలేయడం అన్యాయం కాదా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: అన్ని బడులకూ సరిపడా నిధులు ఉండి కూడా వదిలేస్తే అన్యాయమే. లేనప్పుడు కొన్ని బడులు ఎలాగూ ఆగవలసిందే; ఏవి ముందో చీటీలు వేసి తేల్చి, మిగిలినవాటికి మరుసటి ఏడాది అందిస్తే ఎవరికీ నష్టం ఉండదు. అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ప్రశ్నావళిలో ఒక పిల్ల చనిపోవాలనిపిస్తోందని రాస్తే, ఆ కాగితాన్ని అదే రోజు ఎవరు చదువుతారు, ఆమెతో ఎవరు మాట్లాడతారు, ఏ వైద్యుడి దగ్గరికి తీసుకువెళతారు అన్నది ముందే నిర్ణయించుకోవాలి. ఫోన్‌లో మానసిక సమస్యలకు సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను పిల్లలందరికీ ఇవ్వాలి, తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఇష్టాన్నీ అడగాలి. ఈ ఏర్పాట్లు పూర్తయ్యే వరకు ప్రశ్నావళిని తరగతి గదిలోకి తీసుకువెళ్లకండి.