కొల్లేరు ఒక బల్ల మీద ఇముడుతుందా?
‘కదిలే బొమ్మలు’ – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జూన్ 5, పర్యావరణ దినోత్సవం దగ్గర పడుతోంది కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పర్యావరణం మీద స్టాప్‌మోషన్ సినిమా (బొమ్మల్ని కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీసి కలిపేది) తీస్తామన్నవే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, కైకలూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలతో కొల్లేరు మీద 2 నిమిషాల బొమ్మల సినిమా తీయాలని ఉంది. కథ పిల్లలే రాశారు. భూమాత ఏడుస్తుంది. చేపలు, కొంగలు కలిసి మనుషుల మీద కోర్టుకెళ్తాయి. చివరికి అందరూ మొక్కలు నాటుతారు. మొత్తం 14 పాత్రలు. మా దగ్గర ఒక ఆండ్రాయిడ్ ఫోను, ఖాళీగా ఉన్న సైన్స్ ల్యాబ్ గది ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు. మనం ఒక్కో ఫొటోని రెండేసి ఫ్రేములు నిలబెడతాం కాబట్టి సెకనుకు 12 ఫొటోలు చాలు. అలా చూసినా 2 నిమిషాలకు 1,440 ఫొటోలు. ప్రతి ఫొటోకీ 14 పాత్రల్ని కాస్త కాస్త జరుపుకుంటూ పోతే మీ పిల్లలు పదో తరగతికి వచ్చేస్తారు. కోర్టు సీను తీసేయండి. భూమాతను కూడా సగౌరవంగా సాగనంపండి. ఏడ్చే భూమాతను అందరూ చూసే ఉన్నారు. కొల్లేట్లో గట్టు లేవడం మాత్రం మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసినవాళ్లు లేరు.

కంటికి ఆనకుండా నెమ్మదిగా జరిగే పనిని చూపించడానికి స్టాప్‌మోషన్‌ను మించింది లేదు. కొల్లేరు సంగతీ అంతే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. 1970ల తర్వాత చేపల చెరువులు ఒక్కొక్కటే దాని కడుపులోకి వచ్చాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వమే గట్లను పేల్చి తెగ్గొట్టించింది. తర్వాత మళ్లీ కొన్ని లేచాయి. ఇన్నేళ్ల కథకు మీకు ఒక్క బల్ల, ఒక్క నిమిషం చాలు. 720 ఫొటోలు. వంతులేసుకుంటే పిల్లలు హాయిగా తీసేస్తారు.

ల్యాబ్ బల్ల మీద ప్లైవుడ్ చెక్క పరవండి. అటూ ఇటూ రెండు స్టూళ్లు పెట్టి, వాటి మీద ఒక బద్దను అడ్డంగా వేసి, కెమెరా కన్ను బద్ద అంచు దాటి కిందికి చూసేలా ఫోన్‌ను టేపుతో బిగించండి. మీది పైనుంచి చూసే సినిమా, కొంగ చూపుతో చూసే కొల్లేరు. అసలు నీళ్ల జోలికి పోకండి. నీళ్లు చెప్పిన మాట వినవు, పైగా ట్యూబ్‌లైటంతా అందులో కనిపిస్తుంది. ముడతలు లేకుండా లాగి కట్టిన పాచిరంగు చున్నీ, దాని మీద నలిపి పరిచిన సెలోఫేన్ కాగితం సరిపోతాయి. సెలోఫేన్‌ను మూడు ఫొటోలకోసారి వేలితో కాస్త కదిపితే నీళ్లు మెరుస్తున్నట్టే ఉంటుంది.

ఇక గట్లు. నల్లటి ఆయిల్ క్లే (ఆరిపోని నూనె మట్టి) తీసుకోండి. ఫొటోకి బియ్యపు గింజంత చొప్పున ఒక మూల నుంచి గట్టును పెంచండి. పొక్లెయిన్ బొమ్మ వద్దు, మనుషుల చేతులూ వద్దు. గట్టు దానంతట అదే పాక్కుంటూ వస్తుంది, మలుపు తిరుగుతుంది, తన తోకను తానే అందుకుని ఒక చెరువు అవుతుంది. దాని గోడకే ఆనుకుని రెండోది. మొదటి గట్టుకు 60 ఫొటోలు పెట్టండి, రెండోదానికి 40, మూడోదానికి 20. వేగం పెరుగుతున్నకొద్దీ చూసేవాడి గుండెలో ఏదో బిగుస్తుంది. దానికి మాట సాయం అక్కర్లేదు.

చేతులు ఎందుకు వద్దన్నానో చెబుతాను. మీ తరగతిలో చాలామంది ఇళ్లు ఆ చెరువుల మీదే బతుకుతుంటాయి. తండ్రి మేత బస్తాలు మోస్తాడు, మేనమామకు లీజు చెరువుంటుంది. ఆ పిల్లవాడి చేత వాళ్ల నాన్నను విలన్‌గా బొమ్మ చేయించడం నాకు నచ్చదు. గట్టు పెరగడం చూపించండి, నీళ్లు ఎటు పోలేకపోయాయో చూపించండి. మిగతాది ఇంటికెళ్లాక వాళ్లే మాట్లాడుకుంటారు.

నీళ్లకు నీలం ఊలు దారం. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేట్లోకి వస్తాయి. సముద్రానికి పోవడానికున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. మొదటి సారి, గట్లు లేనప్పుడు, దారాలన్నీ నేరుగా వచ్చి, పల్లమంతా పరుచుకుని, ఉప్పుటేరులోంచి మెల్లగా జారిపోవాలి. గట్లు లేచాక రెండో సారి అవే దారాల్ని నడిపించండి. గట్టుకు తగిలి, పక్కకు తిరిగి, సందుల్లో ఇరుక్కుని, కుప్పపడి, చివరికి మీరు అగ్గిపెట్టెలతో కట్టిన లంక గ్రామం మీదికి ఎక్కుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో ఇళ్లలోకి రావడం మీ పిల్లలు టీవీలో చూసే ఉంటారు. ఆ నీరూ చివరికి చేరాల్సింది కొల్లేటికే అని తెలిస్తే దారం నడిపే చేతికి ఇంకాస్త శ్రద్ధ వస్తుంది.

పాత్ర ఒక్కటి చాలు: గూడబాతు (పెలికాన్). చార్టు కాగితంతో ఒళ్లు, రెక్కకు రెండేసి ముక్కలు, కీళ్ల దగ్గర దారంముడి. చెక్కకు నాలుగు మూలలా ఇటుకలు పేర్చి, వాటి మీద గాజు పలక పెట్టి, పక్షిని గాజు మీద నడిపించండి. దీపం పక్కనుంచి కొడితే పక్షి నీడ కింద నీళ్ల మీద పడుతుంది. ఎగురుతున్నట్టు నమ్మించేది రెక్కలకన్నా ఆ నీడే. బయల్దేరేటప్పుడూ వాలేటప్పుడూ తక్కువ తక్కువగా జరపాలి, మధ్యలో ఎక్కువ జరపాలి. ఈ ఒక్కటి పిల్లలకు ఒంటబడితే సగం యానిమేషన్ వచ్చినట్టే. మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం వాళ్లను ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లండి. నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు ఎలా వాలతాయో, వాలేముందు కాళ్లు ఎలా చాపుతాయో నోటు పుస్తకంలో గీసుకోమనండి.

ఇంకొకటి. గుర్రపుడెక్క ఆకులు అసలువే పెడదామని ఎవరో ఒకరు అంటారు. దీపం వేడికి అవి మధ్యాహ్నానికే వాడి ముడుచుకుంటాయి. సినిమాలో అది రెండు సెకన్లలో కనిపించి ఆకు వణికినట్టుంటుంది. వాడిపోవడమే మీకు కావాలంటే సరే, లేకపోతే ఆకుపచ్చ గుడ్డ కత్తిరించండి.

ప్రశ్న: అక్కా, విశాఖలో డిగ్రీ చదువుతున్నాను. ఆలివ్ రిడ్లే తాబేలు మీద సినిమా తీస్తున్నా. ఫొటోలన్నీ కలిపి చూస్తే వెలుతురు మిణుకు మిణుకుమంటోంది, ఇసుక ఉడుకుతున్నట్టు కదులుతోంది. యాప్ మార్చాలా?

జవాబు: యాప్ తప్పేం లేదు తమ్ముడూ. ఫోను ప్రతి ఫొటోకీ వెలుతురు, రంగు, ఫోకస్ తనే సరిచేసుకుంటోంది. స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్‌లో ఈ మూడింటినీ లాక్ చేసే వీలుంటుంది. మొదటి ఫొటోకి ముందే చేసేయాలి. కిటికీ పూర్తిగా మూసేయి. మబ్బు కమ్మినా ఎండ కాసినా నీ సినిమాలో తెలియకూడదు. ఫ్యాను ఆపు. తెల్ల చొక్కా విప్పి నల్లది వేసుకో, నువ్వు వంగినప్పుడల్లా చొక్కా వెలుగు బొమ్మ మీద పడుతోంది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫొటో తీయడానికి తెరను తాకకుండా వైరున్న ఇయర్‌ఫోన్స్ వాల్యూమ్ బటన్ నొక్కు. చాలా ఫోన్లలో పనిచేస్తుంది.

అసలు ఇసుక వాడుతున్నట్టున్నావు. నువ్వు తాబేలును జరిపినప్పుడల్లా వేలికింద రేణువులు మారతాయి, అందుకే ఆ ఉడుకు. అట్ట మీద ఫెవికాల్ పూసి ఇసుక చల్లి ఎండబెట్టు, లేదా వడ్రంగులు వాడే గరుకు కాగితం పరుచు. తాబేలు జాడల్ని విడిగా కాగితంతో కత్తిరించి ఒక్కొక్కటే అంటించుకుంటూ పో.

నువ్వు పంపిన ముక్కలో తాబేలు ముందుకాళ్లు రెండూ ఒకేసారి ఎత్తుతోంది. పచ్చ తాబేలు అలా పాకుతుంది. ఆలివ్ రిడ్లే అలా కాదు. ఎడమ ముందుకాలు, కుడి వెనుకకాలు కలిసి ఒకసారి, తర్వాత కుడి ముందుది, ఎడమ వెనుకది. ఇసుక మీద దాని జాడ కూడా ఒకటి విడిచి ఒకటిగా పడుతుంది. చూసేవాళ్లలో ఒక్క జాలరి ఉన్నా ఇట్టే పట్టేస్తాడు.

కథలో ప్లాస్టిక్ సంచీ, వల, బీచ్ లైట్లు మూడూ పెట్టావు. నేనైతే లైట్లొక్కటే ఉంచుతాను. గూట్లో 100కి అటూ ఇటూగా గుడ్లుంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. రాత్రిపూట బయటికొచ్చిన పిల్ల ఎక్కువ వెలుగున్న దిక్కుకు పోతుంది. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రం మీదుండేది, ఇప్పుడు రోడ్డు మీదుంది. స్టాప్‌మోషన్‌లో వెలుతురు నీ చేతిలో పనే కదా! ఎడమవైపు మసక నీలం, కుడివైపు చిన్న పసుపు ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ ఆన్ చేసిన ఫొటో నుంచి పిల్లలన్నీ తలలు తిప్పుతాయి. డైలాగు ఒక్కటీ వద్దు.

ప్రశ్న: మేడమ్, నేను ఏడో తరగతి. మాది నిజామాబాద్ జిల్లా. మా ఊరి చెరువు మట్టితో బొమ్మలు చేసి సినిమా తీయొచ్చా? కొనే మట్టి ఖరీదు ఎక్కువ.

జవాబు: బంగారు తల్లీ, నడిచే బొమ్మలకు చెరువు మట్టి పనికిరాదు. గంటలో ఆరిపోతుంది, మోచెయ్యి వంచితే విరిగిపోతుంది. ఆరిపోవడాన్నే సినిమా చెయ్యి. పాత పళ్లెంలో తడిమట్టి వేలెడు మందాన పరిచి, మధ్యలో ఒక కాగితపు చేపను పెట్టి, ఎండ నేరుగా పడని వరండాలో ఉంచు. ఫోన్ కదలకుండా కట్టేసి అరగంటకొక ఫొటో తియ్యి. నెర్రెలు వాటంతట అవే వస్తాయి. నువ్వు జరపాల్సింది చేపనొక్కదాన్నే, ఇంకా తడి మిగిలిన చోటు వెతుక్కుంటూ పోయేలా. ఇలాంటి పని దాదాసాహెబ్ ఫాల్కే 1912 ప్రాంతంలోనే చేశాడు. కుండీలో బఠాణీ గింజ నాటి, రోజూ కాస్త కాస్త చిత్రీకరించి, మొలక ఎదగడాన్ని తెర మీద చూపించాడు. ఆ ముక్క చూసే ఒకాయన ఆయన మొదటి సినిమాకు డబ్బు పెట్టాడు. కాబట్టి నీ పళ్లెం చిన్నదనుకోకు.

ప్రశ్న: అమ్మా, బ్యాంకులో చేసి రిటైరయ్యాను, విజయవాడ. మనవరాలు మా ఇంట్లో ఉన్న కొండపల్లి బొమ్మలతో అడవుల నరికివేత మీద సినిమా తీస్తానంటోంది. చేతులు కాళ్లు కదలవు కదా, కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది బాబాయ్ గారూ. కీళ్లు లేని బొమ్మను కొంచెం వంచి జరుపుతూ పోతే గంతులేస్తూ నడిచినట్టుంటుంది, ఆ నడకలో ఒక ముచ్చట ఉంది. చేతులు మాత్రం తిప్పబోకండి. విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించినవి అవి, ఊడిపోతాయి.

అడవుల నరికివేత అని అంత పెద్ద మాట ఎందుకు? ఆ బొమ్మే ఒక చెట్టు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర దొరకడం కష్టమైపోతోందని కళాకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్లకు అంకుడు కర్ర ఎలాగో వీళ్లకు తెల్లపొణికి అలాగ. కల్లుగీత కార్మికుడి బొమ్మ తాటిచెట్టు ఎక్కుతూ ఉంటుంది కదా, ఆ చెట్టు ఒక్కో ఫొటోకీ కాస్త పొట్టిదవుతూ పోయిందనుకోండి. మీ బొమ్మను కొయ్యొద్దు సుమా, అట్టతో వేరే చెట్టు చేయించండి. అమ్మాయిని ఒకసారి కొండపల్లి తీసుకెళ్లి, పచ్చి కర్రను సన్నమంట మీద ఆరబెట్టడం చూపించండి. ఆ పొగ కూడా సినిమాలోకి వస్తుంది, దూదితో.

ప్రశ్న: పర్యావరణ సినిమా కదా అని సెట్టంతా థర్మాకోల్‌తో, బొమ్మలు ప్లాస్టిక్ స్ట్రాలతో చేశాం. చివర్లో ‘చెట్లు నాటండి, భూమిని కాపాడండి’ అని అక్షరాలు వేస్తే బాగుంటుందా? (హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరింగ్ కాలేజీ బృందం)

జవాబు: థర్మాకోల్ షీట్లు కొత్తగా కొన్నారా? కొన్నవే అయితే ఆ అక్షరాలు వేసే ముందు ఒకసారి ఆలోచించండి. పాత టీవీ పెట్టెలోదైతే నాకే అభ్యంతరం లేదు. అక్షరాలు మాత్రం వద్దు. మీ చెత్త ఏ కాలవలో పడి ఎక్కడ తేలిందో చూపించే ఫొటోలు ఆ నాలుగు సెకన్లకు 48 వస్తాయి, వాటిని అక్కడ పెట్టండి.

ప్రశ్న: నేపథ్యానికి సినిమా పాట వాడుకోవచ్చా?

జవాబు: పోటీకి పంపితే హక్కుల గొడవతో పక్కన పెట్టేయొచ్చు, యూట్యూబ్‌లో పెడితే తీసేయొచ్చు. శబ్దం మీరే పట్టండి. తడిగుడ్డ పిండితే బురదలో అడుగు, పాత ఎక్స్‌రే ఫిల్ము ఊపితే దూరంగా ఉరుము, గొడుగును టపటపా తెరిచి మూస్తే పెద్ద పక్షి రెక్కలు. కైకలూరు మాస్టారికి ఈ చివరిది పనికొస్తుంది. చెరువుల్లో నీళ్లకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరియేటర్ శబ్దం మాత్రం నకలు చేయకండి మాస్టారూ, తెల్లవారుజామున గట్టు మీదికెళ్లి అసలుదే రికార్డు చేసుకోండి. గాలి హోరు రాకుండా ఫోన్ మైకు మీద దూదిపింజ అంటించండి.