బురుజుపేట మేడ నేల బాగుచేస్తానన్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బురుజుపేట ఇంట్లో మేడ మీది టేకు నేలకు నువ్వే స్వయంగా పాలిష్ పెడతావట. అందరూ ఆ పలకలు పీకేసి టైల్స్ వేయించమంటుంటే నువ్వొక్కదానివే వద్దన్నావట. విని ఎంత సంబరపడ్డానో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మార్గశిర గురువారాలు వెళ్ళాక మొదలుపెట్టు. కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలు తగ్గుతారు, తుపాన్ల భయమూ తగ్గుతుంది. గాలిలో చెమ్మ ఉంటే పూత ఆరక జిగటగా ఉండిపోతుంది. ముందు స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి పలకనూ పొడిచి చూడు. సముద్రం వైపు కిటికీ కింద మరీ జాగ్రత్త. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ కిటికీ రెక్కలు ఊడగొడితే వానంతా అక్కడే కొట్టింది. మొన మెత్తగా దిగితే ఆ పలక మార్చాల్సిందే, కింది దూలం వడ్రంగికి చూపించాల్సిందే. మేకుల తలలు లోపలికి దిగ్గొట్టాకే సాండింగ్ మిషన్ పట్టుకో. మేకు తగిలి లేచిన నిప్పురవ్వ మిషన్‌కుండే పొట్టు సంచిలో పడితే అంటుకుంటుంది. మిషన్‌కి వేసే గరుకు కాగితం ముందు 40 నెంబరు, తర్వాత 80, ఆఖరున 120. చెక్క గీతలు సాగిన వైపే రుద్దాలి. మాస్క్ తియ్యకు.

ఇక అసలు సంగతి. ఉత్తరం మూల బీరువా జరిపితే పళ్ళెమంత నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ బీరువాను ఇన్నేళ్ళుగా అక్కడినుంచి కదలనివ్వనిది నేనే.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, మీ అమ్మకు తొమ్మిది. నాన్నగారు మొదటిసారి ఒక పని పూర్తిగా నాకు వదిలారు. డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, పాత పంచె గుడ్డలతో సాయంత్రం దాకా పట్టించాను. చేతులు పడిపోయాయి. తడి గుడ్డలు ఆ మూల కుప్పగా పడేసి, పొద్దున్న పారేద్దామని కిందికొచ్చి పడుకున్నాను.

అగ్గిపుల్ల గీయలేదమ్మా. దగ్గర్లో దీపం కూడా లేదు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి పోతుంది. కుప్పలో పోయే దారి ఉండదు, గంటల తరబడి లోలోపలే పెరిగి గుడ్డ తనంతట తానే రాజుకుంటుంది. ఇది నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

పక్క గదిలో పడుకున్న మీ అమ్మ తెల్లవారుజామున దగ్గుకుంటూ కిందికొచ్చి, "అన్నయ్యా, కమురు వాసన" అంది. పైకి పరుగెత్తేసరికి గది నిండా పొగ, గుడ్డల నడుమ ఎర్రటి కన్ను. బిందెడు నీళ్ళు కుమ్మరించాను. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. మీ అమ్మను ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా అరుగు మీద కూర్చున్నారు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పిల్లకు మెలకువ రాకపోయి ఉంటే అన్న ఆలోచన మాత్రం పూర్తి చెయ్యలేను.

అందుకే, నూనె గుడ్డతో పని అవగానే, టీ కూడా తాగకముందే, ఒక్కొక్కటీ విడివిడిగా డాబా సిమెంటు మీద పరిచి అట్టలా బిగుసుకునేదాకా ఆరనివ్వు. లేదా ఇనప బకెట్‌లో నీళ్ళు పోసి, ముంచి మూత పెట్టు. చెత్తబుట్టలో వెయ్యకు, ప్లాస్టిక్ సంచిలో కుక్కకు. "ఏం కాదులే మావయ్యా" అంటే ఊరుకోను. నీకు తొందరెక్కువ, నాకు తెలుసు.

ఆ మచ్చ పోగొట్టాలని మిషన్ అక్కడే తిప్పకు, గుంట పడుతుంది. పలకల మధ్య సందులు కూడా పుట్టీతో బిగించెయ్యకు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, దానికి చోటుండాలి. చిన్నప్పుడు నువ్వు బోర్లా పడుకుని ఆ సందుల్లోంచే కింద వంటింట్లో ఉన్న అమ్మమ్మను పిలిచేదానివి.

నూనె డబ్బా కంటే ముందు బకెట్ కొను. కొని నాకు ఫొటో పంపు. సంక్రాంతికి నేను వస్తున్నాను, అప్పటిదాకా ఒక్క గుడ్డ కూడా నూనెలో ముంచకు.

మీ మావయ్య