ఆలఫ్‌ని ఆలఫ్‌గానే దాచు

చి. సౌమ్యకు, మామయ్య ఆశీస్సులు.

మాంచెస్టర్ జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్న సమరయుల (ఇజ్రాయెల్, పాలస్తీనాల్లో మిగిలిన చిన్న పురాతన మత సమూహం) రాతప్రతి ఒకటి తీసుకుని, ఒక పేజీ టైపు చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల అంత పాత లిపి మీద పని చేస్తోందంటే నాకెంత సంతోషమేసిందో! అయితే, నీకు ఏదో ఫాంట్ దొరికిందనీ, హీబ్రూ కీబోర్డుతో కొడితే సమరయ అక్షరాలు పడుతున్నాయనీ కూడా చెప్పింది. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ఆ ఫాంట్‌తో మొదలుపెట్టకు తల్లీ. తెర మీద కనిపించేది సమరయ లిపే, కానీ ఫైల్లో చేరేది హీబ్రూ.

విజయవాడలో నేను పనిచేసిన ప్రెస్సు నీకు గుర్తుందా? ప్రపంచంలోని లిపుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. మా దాకా ఆ సంగతి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మా ఫాంట్‌లలో ఉన్నవి ముక్కలే: తలకట్టు ఒక కీ, గుడి ఒక కీ, వత్తు ఇంకో కీ. కంప్యూటర్ లెక్కలో అవన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు. కాగితం మీద చక్కగా పడేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక తెలుగు మాస్టారు దివిసీమ ఊళ్లు తిరిగి సేకరించిన ఊడ్పు పాటలు మా దగ్గరే కంపోజ్ చేయించారు. ఒక్క పొల్లు తప్పినా ఊరుకునేవారు కాదు. మొదటి భాగం అచ్చయింది, డబ్బులు చాలక రెండోది ఆగింది. ఆయన పోయాక వాళ్లబ్బాయి సీడీ పట్టుకుని వచ్చాడు. అప్పటికి పాత మెషీన్ తుక్కుకి పోయింది, ఆ ఫాంట్ ఎక్కడా దొరకలేదు. ఫైల్ తెరుచుకుంది. తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, పౌండ్ గుర్తులు. ఎవరో ఇచ్చిన కన్వర్టర్ నడిపితే వత్తులన్నీ కలగాపులగం అయ్యాయి. ప్రూఫులు దొరికిన పాటలు మళ్లీ కొట్టాం. దొరకని పాటలు పోయినట్టే. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు, సీడీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కోట్లమంది మాట్లాడే భాషకే ఈ గతి పట్టింది. సమరయులు నాబ్లస్ దగ్గరి గెరిజీము కొండ మీదా, ఇజ్రాయెల్‌లోని హోలోన్ ఊళ్లోనూ కలిపి వెయ్యిమంది కూడా లేరు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

వాళ్ల లిపికి 2009లో, యూనికోడ్ 5.2లో, సొంత చోటు వచ్చింది. మొదటి అక్షరం ఆలఫ్ కోడ్ యూ+0800, చివరిది తాఫ్ యూ+0815. మొత్తం 22. నోటో సాన్స్ సమారిటన్ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, వేసుకో. హీబ్రూలో పదం చివర రూపం మారే అక్షరాలు ఐదున్నాయి, వీళ్లకి అవి లేవు. హీబ్రూ అలవాటుతో కొడితే అక్కడే తప్పులు దొర్లుతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క ఆలఫ్ మాత్రం కొట్టి, ఎంటర్ నొక్కకుండా, యూటీఎఫ్-8లో (యూనికోడ్ నంబర్లని బైట్లుగా ఫైల్లో దాచే పద్ధతి) సేవ్ చేసి సైజు చూడు. 3 బైట్లు ఉండాలి. ఈ0, ఏ0, 80 అన్నవే ఆ మూడూ. యూటీఎఫ్-8లో మూడు బైట్లు పట్టే మొట్టమొదటి అక్షరం ఇదే. 2 బైట్లే వస్తే నువ్వు కొట్టింది హీబ్రూ ఆలెఫ్. 6 వస్తే కంగారుపడకు, ఫైల్ మొదట్లో బీఓఎమ్ అనే కనపడని గుర్తు ఒకటి చేరిందన్నమాట. బీఓఎమ్ లేకుండా సేవ్ చెయ్యి.

కుడి నుంచి ఎడమకి రాసే లిపి కదా, తెర మీద వరస తారుమారుగా కనిపించొచ్చు. సరిగ్గా కనిపించాలని అక్షరాలు తిరగేసి కొట్టావో, నేనూరుకోను! చదివే వరసలోనే కొట్టు, తిప్పి చూపించడం కంప్యూటర్ పని. పదాల మధ్య చుక్కకి ఇంగ్లిష్ ఫుల్‌స్టాప్ పెట్టకు, యూ+2ఈ31 వాడు. చెరిగిపోయిన అక్షరాన్ని ఊహించి నింపకు, చదవలేకపోయానని పక్కన రాసిపెట్టు. బ్యాకప్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకుంటున్నావని విన్నా. ఆ పేజీ ఎక్కడికీ పోదు, వేళకి తిని పడుకో. ఆలఫ్ ఒక్కటే ఉన్న ఆ ఫైల్ ముందు నాకు వాట్సాప్‌లో పంపు. ఫోటో తీసి కాదు, ఫైలే పంపు. సైజు నేనూ చూస్తా.

మీ మామయ్య