ఉద్యోగం పోయిందని ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్లకి ఉద్యోగం పోతే డబ్బు బెంగ కంటే ముందు సిగ్గు పట్టుకుంటుంది. ఇంట్లో చెప్పరు, రూమ్మేట్లకి చెప్పరు. ఆ సిగ్గే ఇంటర్వ్యూలోకీ వస్తుంది. "పాత కంపెనీ ఎందుకు మానేశారు?" అని అడగ్గానే కొందరు నీళ్లు నములుతారు, ఇంకొందరు మేనేజర్ పెట్టిన బాధలన్నీ ఏకరువు పెడతారు. అడిగినవాళ్లకి కావలసింది రెండు మూడు వాక్యాల జవాబు, అంతే.

లేఆఫ్ అయితే, అంటే మీ తప్పేమీ లేకుండా కంపెనీయే ఉద్యోగాలు తగ్గించుకుంటే, ఆ మాటే చెప్పండి. 2022 నవంబరులో మెటా 11 వేలమందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని తీసేస్తున్నామని ప్రకటించాయి. ఆ తర్వాత ఇక్కడ లేఆఫ్ అంటే తప్పుగా చూసేవాళ్లు తక్కువ. "మా టీమ్ మొత్తాన్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను" అని చెప్పి, అక్కడ చేసిన పనిలోకి వెళ్లిపోండి.

పనితీరు బాగాలేదని తీసేస్తేనే కష్టం. దాన్ని లేఆఫ్ అని చెప్పకండి. కొత్త కంపెనీ మీ వివరాలు సరిచూసుకునే వెరిఫికేషన్‌లో చాలా పాత కంపెనీలు తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పవు, నిజమే. కానీ అప్లికేషన్‌లో రాసింది అబద్ధమని తర్వాత తెలిస్తే చేరిన ఉద్యోగం కూడా పోవచ్చు. ఇలా చెప్పి చూడండి: "ఆ ఉద్యోగంలో నా పని వాళ్లు ఆశించినంత వేగంగా సాగలేదు. పని ఆగిపోయినప్పుడు టీమ్‌ని అడగకుండా ఒక్కడినే తంటాలు పడ్డాను. ఇప్పుడైతే ఆ రోజే అడుగుతాను." మీ విషయంలో జరిగిందేదో అదే పెట్టుకోండి, బట్టీ పట్టినట్టు ఉండకూడదు. తప్పు ఒప్పుకున్నాక అక్కడ ఆగిపోవాలి. మౌనం భరించలేక ఇంకో పది మాటలు కలిపినప్పుడే వ్యవహారం చెడుతుంది. పాత మేనేజర్ నిజంగా అన్యాయం చేసినా ఆ గొడవ అక్కడ ఎత్తకండి, అవతలివాళ్లకి వినిపించేది ఒకవైపు కథే.

"ఇంకా అక్కడే పనిచేస్తున్నానని చెప్పెయ్" అని సలహా ఇచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. దయచేసి వినకండి. మీరు హెచ్-1బి (కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉంటే, మిమ్మల్ని తీసుకుంటున్నామని ఇమిగ్రేషన్‌కి పిటిషన్ వేసేముందు కొత్త కంపెనీ లాయరు మీ తాజా పే స్టబ్‌లు (జీతం చీటీలు) అడుగుతారు. చివరి జీతం ఎప్పుడు వచ్చిందో అక్కడే బయటపడుతుంది. ఈక్విఫాక్స్ నడిపే 'ది వర్క్ నంబర్' అనే ఉద్యోగ వివరాల డేటాబేస్‌లో కూడా చాలా కంపెనీలు ఉద్యోగుల తేదీలు పెడతాయి. అందులో మీ రిపోర్టు మీరే ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇంటర్వ్యూలు మొదలుపెట్టేముందే తెప్పించుకుని రెజ్యూమెలో తేదీలు దానితో సరిచూసుకోండి.

వీసా టెన్షన్ విడిగా ఉంటుంది. ఉద్యోగం పోయాక హెచ్-1బి వాళ్లు ఇక్కడ ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. మామూలుగా ఏ రోజు పని వరకు జీతం ఇచ్చారో, ఆ తర్వాతి రోజు నుంచి లెక్క. సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) డబ్బు ఇచ్చారు కదా అని గడువు పెరిగిందనుకోకండి. ఈ లోపల కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అప్రూవల్ దాకా ఆగకుండా, అది ఇమిగ్రేషన్‌కి అందినప్పటి నుంచే పనిలో చేరవచ్చు. చాలామంది రిక్రూటర్లకి ఈ సంగతి తెలియదు. అందుకని మొదటి ఫోన్ కాల్‌లోనే "ఫలానా తేదీలోపు ట్రాన్స్‌ఫర్ పిటిషన్ పడాలి" అని తేదీతో సహా చెప్పండి. బతిమాలినట్టు కాదు, సమాచారం చెప్పినట్టు. ఆఫర్ వచ్చాక చెబుదామని దాచిపెడితే వాళ్ల లాయరుకి కాగితాలు సిద్ధం చేసే టైమే ఉండదు.

రెఫరెన్స్, అంటే మీ పని గురించి చెప్పగల మనిషి పేరు, అడిగితే మిమ్మల్ని తీసేసిన మేనేజర్ పేరే ఇవ్వాలని లేదు. మీ పని దగ్గరగా చూసిన సీనియర్ ఎవరైనా సరే. ఆయన పేరు ఇస్తున్నట్టు ఆయనకి ముందే ఫోన్ చేసి, ఇంటర్వ్యూలో మీరు ఏం చెప్పారో కూడా చెప్పి ఉంచండి.