ఒక్క అక్షరం మార్చి మన పేరే పెట్టుకుంటే ఆపగలమా?

అడిగినవారి పరిస్థితి క్లుప్తంగా ఇది. తొమ్మిదేళ్ళుగా పచ్చళ్ళు, పొడులు ఒక పేరుతో అమ్ముతున్నారు. జీఎస్టీ, ఆహార లైసెన్సు రెండూ ఆ పేరు మీదే ఉన్నాయి. ట్రేడ్ మార్క్‌గా, అంటే తమ సరుకును గుర్తుపట్టించే పేరుగా, మాత్రం ఇంకా రిజిస్టర్ కాలేదు. ఇప్పుడు అదే ఊళ్ళో ఇంకొకరు 'శ' తీసేసి 'స' పెట్టి, చివర 'ఫుడ్స్' తగిలించి బోర్డు కట్టారు. అడిగితే "స్పెల్లింగు వేరు, బొమ్మ వేరు, జీఎస్టీ మాకూ వచ్చింది" అంటున్నారట.

ఆపగలరు. స్పెల్లింగు, బొమ్మ అనే వాదన మన కోర్టుల్లో ఏనాడో వీగిపోయింది. ఈ ప్రశ్న వేసే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది, అందుకే దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

మద్రాసులో 'శ్రీ అంబాళ్' పేరుతో ముక్కుపొడుం అమ్మే కంపెనీ ఉండేది. వాళ్ళ పేరు రిజిస్టరై ఉంది. ఇంకో పొడుం వ్యాపారి 'శ్రీ ఆండాళ్' లేబుల్‌ని రిజిస్టర్ చేయమని దరఖాస్తు పెట్టుకున్నాడు. రెండు లేబుళ్ళూ పక్కపక్కన పెడితే పోలికే కనబడదు. ఒకదాని మీద అంబాళ్ బొమ్మ, రెండోదాని మీద ఆండాళ్ బొమ్మ. వాదన కూడా వినడానికి బలంగానే ఉంటుంది: అంబాళ్ అంటే పార్వతీదేవి, ఆండాళ్ అంటే గోదాదేవి, ఈ ఇద్దరినీ ఒకరనుకునే హిందువు ఎవరుంటారు? 1969లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. పొడుం కొనేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ, అన్ని ప్రాంతాలవాళ్ళూ ఉంటారు, దేవతల తేడా తెలిసినవాళ్ళే కొంటారని ఎక్కడుంది అంది. పేర్లను కంటితో ఎంత చూస్తామో చెవితోనూ అంత వినాలి అంది. అంబాళ్, ఆండాళ్ ధ్వనిలో మరీ దగ్గర. రిజిస్ట్రేషన్ దక్కలేదు.

కొట్టు ముందు నిలబడి "అన్నా, ఫలానా ఆవకాయ అరకిలో ఇవ్వు" అనే మనిషి స్పెల్లింగు చూడడు. ఫోన్‌లో ఆర్డర్ చెప్పేవాళ్ళు అసలే చూడరు. మీ కేసులో స, శ తేడా మాట్లాడేటప్పుడు చాలామంది నోట వినబడనే వినబడదు. వెనక తగిలించిన 'ఫుడ్స్' ఎవరైనా వాడుకునే మామూలు మాట, దాన్ని పక్కన పెట్టే పోలుస్తారు. పైగా 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 29వ సెక్షన్‌లో, రిజిస్టరైన మార్కులో మాటలు ఉన్నప్పుడు నోటితో పలికినా ఉల్లంఘనే కావచ్చని విడిగా రాసి ఉంది.

ఇక జీఎస్టీ సంగతి. జీఎస్టీ ఇచ్చేవాళ్ళు పేరు ఇంకెవరికైనా ఉందా అని చూడరు. ఆహార లైసెన్సు, ఉద్యం (చిన్న సంస్థల నమోదు), షాపుల లైసెన్సు ఇచ్చేవాళ్ళూ చూడరు. వాటివల్ల పేరు మీద హక్కు పుట్టదు, మీకైనా వాళ్ళకైనా. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టించి "మీ పేరు లాక్ అయిపోయింది సార్" అని చెప్పే కన్సల్టెంట్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఆ మాట పచ్చి అబద్ధం. కంపెనీ పేరు వేరు, ట్రేడ్ మార్క్ వేరు. ఎదుటివాళ్ళే మీ పేరును పోలిన కంపెనీ పెడితే మాత్రం, మీ మార్కు రిజిస్టరై ఉంటే, 2013 కంపెనీల చట్టం 16వ సెక్షన్ కింద కంపెనీల వ్యవహారాల శాఖ రీజనల్ డైరెక్టర్‌కి దరఖాస్తు పెట్టి ఆ పేరు మార్పించవచ్చు. కంపెనీ నమోదైన మూడేళ్ళలోపే పెట్టాలి.

అయినా మీ జీఎస్టీ కాగితం పారేయకండి. అది హక్కు ఇవ్వదు కానీ ఎప్పటినుంచి ఆ పేరు వాడుతున్నారో చూపిస్తుంది. మన చట్టంలో అంతకంటే బలమైనది లేదు. ట్రేడ్ మార్క్స్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, ముందునుంచీ వాడుతున్నవాళ్ళను తర్వాత వచ్చి రిజిస్టర్ చేయించుకున్నవాళ్ళు ఆపలేరు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో ఇద్దరి చేతిలోనూ రిజిస్ట్రేషన్ ఉంది. 2015లో సుప్రీంకోర్టు ముందు వాడినవాళ్ళ వైపే నిలబడింది. కాబట్టి వాళ్ళు రేపు మీకంటే ముందు సర్టిఫికెట్ తెచ్చుకున్నా కంగారుపడక్కర్లేదు. ముందునుంచీ వాడుతున్నామని కాగితం మీద చూపించగలగాలి, అంతే.

ఆ ఫైలు ఈ వారమే కట్టండి. మొట్టమొదటి లేబుళ్ళు అచ్చువేసిన ప్రెస్ బిల్లు, మీ పేరున్న పాత అమ్మకం బిల్లులు ఏడాదికి కొన్ని చొప్పున, లైసెన్సులు, కొరియర్ రసీదులు, పేపర్లో ఇచ్చిన ప్రకటనల కటింగులు, ఏడాదివారీ అమ్మకాలూ ప్రకటనల ఖర్చూ చూపే చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్. బిల్లు మీద యజమాని పేరు మాత్రమే ఉండి బ్రాండ్ పేరు లేకపోతే అది పెద్దగా పనికిరాదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వాళ్ళ కొట్లో ఒక సీసా కొనించి, బిల్లు తీసుకుని, సీల్ విప్పకుండా దాచండి. "మీ దగ్గర కొన్న గోంగూర పాడైపోయింది" అంటూ వాళ్ళ సరుకు గురించి మీకొచ్చిన మెసేజ్‌లు, తప్పుగా పడిన రివ్యూలు, దారితప్పిన పార్సిళ్ళు బంగారంలాంటి సాక్ష్యం. స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా అసలు మెసేజ్ ఫోన్‌లోనే ఉంచండి, ఎందుకంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.

తర్వాత వెతుకులాట. ట్రేడ్ మార్క్స్ పబ్లిక్ సెర్చ్‌లో 'వర్డ్‌మార్క్'తో ఆగకుండా 'ఫొనెటిక్' (ధ్వని పోలిక) ఎంచుకుని చూడండి. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తీరులన్నీ ప్రయత్నించాలి: టీ పక్కన హెచ్ ఉండీ లేకా, ఎస్‌తోనూ ఎస్‌హెచ్‌తోనూ, చివర ఎ ఒకటీ రెండూ. సరుకుల్ని, సేవల్ని క్లాసులుగా విడగొట్టారు: పచ్చళ్ళు 29వ క్లాసు, పొడులు 30, మెస్సో హోటలో కూడా ఉంటే 43. ఎదుటివాళ్ళ దరఖాస్తు ఏ దశలో ఉందో అక్కడే తెలిసిపోతుంది.

దరఖాస్తు ఫారం టీఎమ్-ఎ. ఆన్‌లైన్లో వ్యక్తికి, స్టార్టప్‌కి, చిన్న సంస్థకి క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్ళకి 9,000. పార్ట్‌నర్‌షిప్ అయితే తక్కువ ఫీజుకి ఉద్యం సర్టిఫికెట్ జతచేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ కిందికి వస్తాయి, దరఖాస్తుకి అక్కడికి వెళ్ళక్కర్లేదు.

ఇక్కడ ఏజెంట్ల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. రంగురంగుల లోగోని దరఖాస్తులో పెట్టేస్తారు, సులువుగా ముందుకెళ్తుందని. లోగో రిజిస్టరైతే రక్షణ ఆ బొమ్మ చుట్టూ తిరుగుతుంది. అందులో మామూలు మాటలుంటే వాటి మీద విడిగా హక్కు రాదు. ధ్వని పోలికతో కొట్లాడాలంటే ముందు ఉత్త మాటనే వర్డ్ మార్క్‌గా వేయాలి, డబ్బుంటే లోగో తర్వాత. తెలుగు లిపిలోనూ ఇంకోటి వేయొచ్చు. అప్పుడు ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వాలి. ఇంకో ఘోరం, తొమ్మిదేళ్ళ కొట్టుకి 'ఇకపై వాడబోతున్నాం' అని టిక్కు పెట్టడం. వాడకం తేదీ వేస్తే అఫిడవిట్, రుజువులు జతచేయాలి, ఆ పని తప్పించుకోవడానికి చేసేది ఇది. దానితో మీ తొమ్మిదేళ్ళ ముందస్తు వాడకాన్ని మీ దరఖాస్తే కాదన్నట్టవుతుంది. ఫైల్ చేసేముందు ఆ గడి మీ కళ్ళతో చూడండి. ఈమెయిల్ దగ్గర కూడా మీదే ఇప్పించండి: దరఖాస్తును పరిశీలించి రిజిస్ట్రీ పంపే పరీక్ష నివేదికకి నెలలో జవాబు వెళ్ళకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క, ఆ నివేదిక ఏజెంట్ మెయిల్లోనే పడి మూలుగుతూ ఉంటుంది.

ఎదుటివాళ్ళు కూడా దరఖాస్తు పెట్టి ఉంటే ప్రతి సోమవారం వచ్చే ట్రేడ్ మార్క్స్ జర్నల్ చూస్తూ ఉండండి. అందులో వాళ్ళ మార్కు అచ్చయిన నాలుగు నెలల్లోపు టీఎమ్-ఓ ఫారంతో, ఆన్‌లైన్లో క్లాసుకి 2,700 రూపాయలు కట్టి, అభ్యంతరం వేయాలి. ఈ గడువు ఒక్కరోజు కూడా పెరగదు. అభ్యంతరం అందిన రెండు నెలల్లో వాళ్ళు జవాబు వేయకపోతే దరఖాస్తు దానంతటదే పోతుంది. నకలు పేర్లవాళ్ళలో చాలామంది ఇక్కడే రాలిపోతారు. అప్పటికే రిజిస్టరైపోయి ఉంటే ట్రేడ్ మార్క్స్ చట్టం 57వ సెక్షన్ కింద తొలగించమని రిజిస్ట్రీకో హైకోర్టుకో వెళ్ళాలి.

వాళ్ళకి లాయరు నోటీసు పంపేటప్పుడు మీ మార్కు ఇంకా రిజిస్టర్ కాలేదన్నది గుర్తుంచుకోండి. రిజిస్టర్డ్ మార్కు ఉల్లంఘించారని బెదిరిస్తే, ఆధారం లేని బెదిరింపు అంటూ 142వ సెక్షన్ కింద వాళ్ళే మీ మీద దావా వేయగలరు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నోటీసులో 'పాసింగ్ ఆఫ్' అనే రాయించాలి: మా సరుకు అనిపించేలా మీ సరుకు అమ్ముతున్నారు, ఆపండి అని. వలయంలో ఆర్ గుర్తు కూడా రిజిస్ట్రేషన్‌కి ముందు వాడకూడదు, అది చట్టరీత్యా తప్పు. టీఎమ్ అని ఈరోజే వేసుకోవచ్చు.

దావా జిల్లా కోర్టుకి తక్కువ కాని కోర్టులో వేయాలి. పాసింగ్ ఆఫ్ అయితే ఎదుటివాళ్ళు ఉన్నచోటో, మోసం జరిగినచోటో; రిజిస్టరైన మార్కు అయితే మీ ఊళ్ళోనే వేసుకోవచ్చు. తాత్కాలిక నిషేధం వెంటనే కావాలని అడగకపోతే, వాణిజ్య దావాకి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరి.

మీ ప్రశ్నలో నాకు బెంగగా అనిపించిన మాట "ఇంకో రెండేళ్ళు చూద్దామనుకుంటున్నాం" అన్నది. చూడకండి. అమృతధార, లక్ష్మణధార అని రెండు మందుల కేసు 1962లో సుప్రీంకోర్టుకి వచ్చింది. పోలిక ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ అమృతధారవాళ్ళు తెలిసి తెలిసి ఏళ్ళ తరబడి ఊరుకున్నారన్న కారణంతో, ఉత్తరప్రదేశ్ వరకు లక్ష్మణధార రిజిస్ట్రేషన్‌ని అనుమతించింది. మార్కు రిజిస్టరయ్యాక కూడా, ఎదుటివాళ్ళ రిజిస్టర్డ్ మార్కు వాడకాన్ని ఎరిగి వరసగా ఐదేళ్ళు సహిస్తే అడిగే హక్కు చాలామటుకు పోతుంది.

ఒకవేళ మీ పేరు 'గోదావరి రుచులు' లాంటిదో, 'అమ్మ స్వగృహ' లాంటిదో అయితే పైన చెప్పినదంతా సగానికి పడిపోతుంది. 'స్వగృహ' ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ వీధిలో చూసినా ఉంది, ఏ ఒక్కరూ అది నాదే అనలేరు. ఊరి పేర్లు, సరుకు గుణం చెప్పే మాటలు 9వ సెక్షన్ దగ్గరే ఆగుతాయి. 'రామాయణ్' అనే మాట అగరుబత్తులకి ఒకరి సొత్తు కాదని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. అలాంటి పేరైతే ముందర ఇంకెవరూ వాడని మాట ఒకటి చేర్చి, లేబుళ్ళ మీద దాన్నే పెద్దక్షరాల్లో వేసుకుంటూ, ఆ కొత్త పేరును రిజిస్టర్ చేయించండి.

డల్లాస్‌కీ న్యూజెర్సీకీ డబ్బాలు పంపుతున్నామన్నారు. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. 2013 నుంచి మన దేశం మాడ్రిడ్ ఒప్పందంలో (ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో మార్కు అడిగే ఏర్పాటు) ఉంది కాబట్టి ఇక్కడి దరఖాస్తు ఆధారంగానే అమెరికాకీ అడగొచ్చు. ఇక్కడ దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోపు అడిగితే మొదటి తేదీ అక్కడా కలిసొస్తుంది.

మీరూ మీ మరిదిగారూ కలిసి నడుపుతున్నారని రాశారు కదా, పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో విడిపోతే పేరు ఎవరిదో ఒక వాక్యం రాయించండి. రెండో బ్రాంచి బంధువులకి ఇస్తే, పేరు మీదేననీ, వాళ్ళు మీ అనుమతితో వాడుతున్నారనీ స్టాంపు కాగితం మీద ఒప్పందం ఉండాలి. రిజిస్ట్రేషన్ పదేళ్ళే, గడువు తీరేముందు ఏడాదిలోపు ఎప్పుడైనా టీఎమ్-ఆర్‌తో ఆన్‌లైన్లో క్లాసుకి 9,000 కట్టి పొడిగించుకోవచ్చు. ఆ తేదీ ఏజెంట్ డైరీలో కాకుండా మీ ఫోన్‌లో ఉండాలి.